బందు రోజుల్లో కుక్కల కూడు

ఆ కుక్కను నేనే చంపాను. బండరాయి రెండు చేతులతో ఎత్తి దాని తల మీద వేశాను. ఒక దెబ్బకు చావలేదు, మళ్లీ వేశాను. అప్పుడు జాలి కలగలేదు. ఇన్నేళ్ల తర్వాత రాస్తుంటే కూడా కలగడం లేదు.

అప్పట్లో నేను హైదరాబాదులో రాయదుర్గం దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. గడ్డి, గడ్డిని తినే గొర్రె, గొర్రెను తినే పులి అని బోర్డు మీద బాణాలు గీసి ఆహారపు గొలుసు పాఠం చెప్పేదాన్ని. పుస్తకంలో అలాగే ఉంది మరి. ఇక్కడ పులి ఎక్కడుంది టీచర్ అని ఒక్క పిల్లా అడగలేదు, నాకూ తోచలేదు. మాది గొర్రెల ఇల్లు. ఖాజాగూడ గుట్టల కింద మా నాయన మంద ఉండేది. చుట్టూ అద్దాల బిల్డింగులు లేచినా, రాళ్ల సందుల్లోనూ చెరువు ఒడ్డునా మిగిలిన గడ్డి మీద ఆయన నెట్టుకొచ్చేవాడు. మందకు కాపలా ఒక నల్ల కుక్క. తల్లి లేని కూనగా దొరికితే నాయన గొర్రె పాలు పట్టి పెంచాడు. అది తనను తాను గొర్రె అనుకునేదని మేం ఆటపట్టించేవాళ్లం.

చెరువు పక్కన సగం కూలిన గోడ ఒకటి ఉండేది. ఆఫీసుల క్యాంటీన్ల నుంచి రోజూ ఒక వ్యాను వచ్చి, మిగిలిన అన్నం, కోడి ఎముకలు ఆ గోడ వెనక కుమ్మరించి పోయేది. ఆ కూటి మీద కుక్కలు పెరిగాయి. ఎన్ని పిల్లలు పుడితే అన్నీ బతికేవి. కడుపు నిండి పడుకున్న ఆ కుక్కల పక్క నుంచి మా మంద నడిచిపోయినా అవి తల ఎత్తేవి కావు. మనకంటే అవే మంచిగ తింటున్నయని నాయన నవ్వేవాడు. మేత ఎంత ఉంటే అన్నే గొర్రెలని మా ఇంట్లో అందరికీ తెలుసు. కుక్కలకూ అదే లెక్కని, వాటి మేత కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల కంచాల్లోంచి వస్తోందని, ఆ కంచాలు ఖాళీ అయితే ఏమవుతుందోనని ఎవరం ఆలోచించలేదు.

ఆ కంచాలను ఖాళీ చేసింది మా అన్నే. తెలంగాణ కోసం బందు పిలుపు వస్తే చాలు, దోస్తులతో చౌరస్తాలో నిలబడి ఆఫీసు బస్సులను వెనక్కి తిప్పి పంపేవాడు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తినే వంటావార్పు కూడా చేసేవాళ్లు. ఒకసారి నాయన గొంగడి భుజాన వేసుకుని వెళ్లి, నడిరోడ్డు మీద కూర్చుని తిని వచ్చాడు. మా ఇంట్లో అందరికీ గర్వంగా ఉండేది.

తర్వాత బందులు వరసగా పడ్డాయి. ఆఫీసులు మూశారు, వ్యాను రాలేదు. కుక్కలు మొదట గోడ దగ్గరే కూర్చుని ఎదురు చూశాయి. ఆ తర్వాత ఒకదాని పిల్లలను ఇంకొకటి తినేశాయి. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పిన నాయన అన్నం సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు బడి కూడా మూసి ఉండటంతో మధ్యాహ్నం నాయనకు సద్ది నేనే తీసుకుపోయాను. గుట్ట మలుపు తిరిగేసరికి కుక్కలు మందను బండల మధ్యకు తరిమి మూలకు తోశాయి. నాయన ఎడమ చేతికి గొంగడి చుట్టుకుని వాటి నోళ్లకు అడ్డం పెడుతూ, కుడి చేత్తో గొడ్డలి తిప్పుతున్నాడు. గొంగడి పేలికలైంది, లోపలి నుంచి నెత్తురు కారుతోంది. గొడ్డలి దెబ్బకు ఒక కుక్క చెవి తెగిపడింది. అయినా అది పోలేదు. చూడి గొర్రె ఒకటి కింద పడి ఉంది. రెండు కుక్కలు దాని పొట్ట చీల్చి లోపలి పిల్లను చెరో పక్కకు లాగుతున్నాయి. తల్లి ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది. మా నల్ల కుక్క ఒకదాని గొంతు పట్టి వదలడం లేదు, దాని వీపు మీద ఇంకో రెండు వేలాడుతున్నాయి.

నేను చేతిలో ఉన్న సద్ది డబ్బాను విసిరాను. మూత ఊడి అన్నం నేల మీద చెదిరింది. సగం కుక్కలు గొర్రెలను వదిలేసి ఆ అన్నం మీద పడ్డాయి. పచ్చి మాంసం నోటి ముందు ఉండగా మెతుకుల కోసం కొట్టుకున్నాయి. వాటిలో ఒకటి మట్టిలో మెతుకులు నాకుతుండగానే నేను రాయి వేశాను. నాయన అది చూసి, మిగిలినవాటిని గొడ్డలితో గుట్ట కిందికి తరిమాడు.

సాయంత్రం అన్న వచ్చి, చచ్చిన గొర్రెలను చూసి ఏడ్చాడు. పొలాలకు చల్లే గుళికల మందు తెచ్చి, ఆ మాంసంలో కలిపి గోడ వెనక వేస్తానన్నాడు.

"గది కుక్కలే తింటయారా? కాకి తినదా, గద్ద తినదా?" అన్నాడు నాయన.

అన్న వినలేదు. నన్ను అడగలేదు కానీ, అడిగితే నేనూ కాదనేదాన్ని కాదు. కోపం అంత ఉంది నాకు.

తెల్లారేసరికి గోడ దగ్గర నుంచి నీళ్ల దాకా కుక్కలు నురగ కక్కుకుని పడి ఉన్నాయి. వాటిని పొడిచిన కాకులు రెక్కలు కొట్టుకుంటూ నేల మీద గిరగిర తిరుగుతున్నాయి. ఒక గద్ద బండ మీద నుంచి జారి పడింది, ముంగిస ఒకటి పొట్ట ఉబ్బి చచ్చింది. వాటి నడుమ మా నల్ల కుక్క. గాయాలకు పసుపు పెట్టి దొడ్లో కట్టేస్తే, తాడు కొరుక్కుని వచ్చి అదీ ఆ మాంసం తింది. నాయన ఒళ్లో పెట్టుకుని, విషం కక్కుతుందని నోట్లో చింతపండు నీళ్లు పోశాడు. అది కాళ్లు తన్నుకుని తన్నుకుని ఆయన చేతిని కొరికి చచ్చిపోయింది. దాన్ని చినిగిన గొంగడిలో చుట్టి పాతిపెట్టాడు. అన్నతో మాట మానేశాడు.

బందు ముగిసింది, వ్యాను మళ్లీ వచ్చింది. కొన్నాళ్లకే రాయదుర్గం వైపు నుంచి కొత్త కుక్కలు దిగాయి. కూడు పడే చోటు ఖాళీగా ఉండదు. బడిలో ఆహారపు గొలుసు పాఠం ఈసారి పుస్తకం మూసి చెప్పాను, బోర్డు మీద పులి బొమ్మ వేయలేదు.

ఇంకో బందు పిలుపు వచ్చింది. మిగిలిన గొర్రెల్లో మూడు వంతులు చూడివి. అన్న చెప్పులు వేసుకుంటుంటే నాయన నోరు విప్పాడు.

"రోడ్డు మీద వండుతరు గదా. రెండు గంజుల అన్నం ఎక్కువ వండుండ్రి. గోడకాడికి తేవాలె."

కుక్కలకా అని అన్న తెల్లబోయాడు.

"తెలంగాణ రావాలె, గొర్లు గూడ ఉండాలె. కడుపు కాలిన కుక్కకు బందని తెలుస్తదా?"

పొద్దు వాలుతుండగా అన్న, దోస్తులు ట్రాలీ ఆటోలో రెండు పెద్ద గంజు గిన్నెల అన్నం తెచ్చి గోడ వెనక కుమ్మరించారు. కుక్కలు వచ్చాయి. వాటిలో చెవి తెగినది కూడా ఉంది, చావకుండా మిగిలింది. మందను వెనక పెట్టుకుని నాయన గొడ్డలితో నిలబడ్డాడు. ఆ చెవి తెగినది తింటుంటే ఒళ్లు మండి నేను రాయి అందుకున్నాను.

"తిననియ్యి. చేతుల రాయి పడెయ్యి బిడ్డ," అన్నాడు నాయన.

పడేశాను. అవి తిని వెళ్లిపోయేదాకా ఆయన మాత్రం గొడ్డలి దించలేదు.