మర్యాదకు తక్కువ చెయ్యను

దామరచర్ల దగ్గరి తండాలో తావుర్యాకు మాట మీద నిలబడే మనిషని పేరు. పాత పేరేం కాదు, తాగుడు మానేశాక వచ్చిన పేరు. అలాంటివాడు ఒక్క నోటితో ఇద్దరికి రెండు మాటలిచ్చి, రెండింటి నడుమా అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నాడు.

మొదటి మాట చిన్నకూతురు అఖిలకు ఇచ్చాడు. అఖిల కోదాడలో మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆ మందు వేరు, తండ్రికి తెలిసిన మందు వేరు. మోతె వైపు తండా నుంచి బాలాజీ సంబంధం వచ్చినప్పుడు ఆ పిల్ల ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నా పెండ్లిల సుక్క మందు కనపడొద్దు బాపూ. కనపడ్డదంటే పీటల మీదికెల్లి లేస్త."

బాలాజీ సరేనన్నాడు. తావుర్యా కూతురి చేతిలో చెయ్యి వేశాడు. వెయ్యక ఏం చేస్తాడు? పెద్దకూతురు రమ్య పెళ్లి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎవరూ మరిచిపోనూ లేదు.

లంబాడీల పెళ్లిలో అత్తవారింటికి బయల్దేరే పిల్ల అయినవాళ్లను ఒక్కొక్కరినీ మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, రాగం తీసి ఏడుస్తుంది. ఆ ఏడుపు పాటను ఢావ్లో అంటారు. రమ్య తల్లిని పట్టుకుని ఏడ్చింది, మేనమామను పట్టుకుని ఏడ్చింది. తండ్రి వంతు వచ్చేసరికి తండ్రి లేడు. తాగి ట్రాక్టరు కింద పడి ఉన్నాడు. ఆ పిల్ల అతని ఖాళీ మంచం వైపు చూసి, గొంతు దాకా వచ్చిన పాటను మింగేసి బండెక్కింది. తెల్లారి లేచిన తావుర్యా, "పిల్ల పోయిందా?" అని అడిగాడు. భార్య గౌరీబాయి చీపురు అందుకుని వాకిట్లోకి నడిచింది.

మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసినన్నాళ్లూ పొద్దుగూకితే మందు పడందే నడుము నిలవదనుకున్న మనిషి అతను. కడుపు ఉబ్బి దవాఖానలో పడ్డాక, ఇంకొక్క గ్లాసు తాగినా బతకవని డాక్టరు చెప్పాక మానేశాడు. నడుము మాత్రం బాగానే నిలబడింది.

రెండో మాట మోతెలో ఇచ్చాడు. సంబంధం ఖాయం చేసుకోవడానికి పెద్దల ముందు బెల్లం పంచుకు తినడం వాళ్ల ఆచారం. అందరి నోళ్లలో బెల్లం ఉండగా బాలాజీ తండ్రి సక్రు గొంతు పెంచాడు.

"నాకు కట్నమొద్దు, కానుకలొద్దు బావా. మర్యాద ఒక్కటి సక్కగ జెయ్యి. గంతే."

"మర్యాదకు తక్కువ జేస్తనా బావా!" అన్నాడు తావుర్యా. అందరూ చప్పట్లు కొట్టారు.

పెళ్లిలో మర్యాద అంటే మందు. కాళ్లకు నీళ్లిచ్చినా, కడుపు నిండా మటన్ పెట్టినా అది మర్యాద కాదు. పిల్ల తండ్రి తొలి గ్లాసు తాను గుక్కెడు తాగి వియ్యంకుడి చేతికివ్వాలి, అప్పుడే మర్యాద జరిగినట్టు. ఈ సంగతి తావుర్యాకు తెలియక కాదు.

తిరుగు ఆటోలో గౌరీబాయి అడిగింది. "ఏం మాటన్నవో ఎరికేనా?"

"ఎరికే."

"మరెందుకన్నవ్?"

"నోట్లె బెల్లముండె. మాట గట్లనే జారింది."

ఆ రోజు నుంచి తావుర్యాకు నిద్ర లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మర్యాద తప్పితే సక్రు కోపం రేపు అదే ఇంట్లో ఉండబోయే అఖిల మీద పడుతుంది. మర్యాద జరిగితే అఖిల పీటల మీది నుంచి లేస్తుంది. ఇక తొలి గుక్క తన గొంతులో పడితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఉన్నమాట చెప్పేద్దామని సూర్యాపేట మీదుగా మోతె వెళ్లాడు. సక్రు ఎదురొచ్చి మంచం వాల్చి, నలుగురిని పిలిచి, "మా బావసొంటి మనిషి ఈ జిల్లాల లేడు" అని పొగిడాడు. చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా పళ్లెంలో ఇంకో మటన్ ముక్క వేశాడు. తావుర్యా కడుపు నిండా తిని, చెప్పాల్సింది చెప్పకుండానే ఇల్లు చేరాడు.

ఇక బావమరిది నరేందర్ ఒక ఉపాయం చెప్పాడు. "పెండ్లి పందిట్ల ఒద్దు బావా. బోరు కాడ వేరే టెంటేస్త. పిల్లకు తెల్వదు. నువ్వొచ్చి తొలి గ్లాసు ఎత్తి ఇచ్చి పో. ఖతం."

తావుర్యా కాదనలేదు, అవుననలేదు. నోరు మూసుకుంటే అవునన్నట్టేనని నరేందర్ సీసాలు తెచ్చాడు.

పెళ్లి జరిగింది. తాళి కట్టగానే నరేందర్ కన్నుగీటాడు. తావుర్యా బోరు దగ్గరికి నడిచాడు. సక్రు, వాళ్ల పెద్దలు మంచాల మీద కూర్చుని ఉన్నారు. నరేందర్ గ్లాసు చేతిలో పెట్టాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే తావుర్యాకు నోరూరింది. అప్పుడు నిజంగా భయం వేసింది. సక్రు అంటే కాదు, తన చెయ్యి అంటేనే.

గ్లాసు కింద పెట్టి గిర్రున వెనక్కి తిరిగాడు. పారిపోతున్నాడనుకున్నారంతా. పిల్లల కోసమని గౌరీబాయి కలిపిన బెల్లం పానకం బిందె భుజాన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఒక గ్లాసు ముంచి సగం తాగి, మిగతాది సక్రు ముందు పట్టాడు.

"బావా, మనం బెల్లం తిని మాట ఖాయం జేసుకున్నం, మందు తాగి గాదు. నా మర్యాద గిదే."

"మర్యాదంటే ఏందో ఎరుకలేనోనివా నువ్వు?"

"ఎరికే. ఎరికుండే నీకిచ్చిన మాట తప్పుతున్న. తిట్టు, కొట్టు, పడత. కానీ నా బిడ్డనేం అనకు."

సక్రు చెయ్యి చాపాడు. గ్లాసు తీసుకున్నాడు. కషాయం తాగినట్టు ఒక్క గుక్క మింగి, "నలుగుట్ల నా తల దించినవ్ బావా" అని లేచిపోయాడు. వాళ్ల వాళ్లలో సగంమంది బండ్లేసుకుని దామరచర్ల మందు దుకాణాలకు పోయారు. నరేందర్ మొహం మాడ్చుకుని సీసాలు సర్దాడు. గెలిచినట్టు తావుర్యాకు ఎంతమాత్రం అనిపించలేదు. సక్రు మనసులో ఏముందో అతనికి తెలియదు.

అప్పగింతల వేళయింది. అఖిల తల్లిని పట్టుకుని ఏడ్చింది, మేనమామను పట్టుకుని ఏడ్చింది. తర్వాత వచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులేసి రాగం ఎత్తింది. నీ భుజం మీద బస్తాలు మోశావు, నన్ను మోశావు, ఇప్పుడెవరి ఇంట్లో దించి పోతున్నావని అడిగింది. ప్రతి మాటా చెవిలో పడుతోంది. ఎటు కదలడానికీ లేదు. ఇది వినలేకే ఆనాడు తాగానని తావుర్యాకు ఇప్పుడు తెలిసింది. సంతోషం పట్టలేక తాగానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాడు.

పాట అయిపోయింది. అఖిల చేతులు సడలించింది. తావుర్యా కళ్లు తుడుచుకోబోతుంటే వెనక నుంచి ఇంకో రెండు చేతులు మెడకు చుట్టుకున్నాయి. చూస్తే రమ్య. ఇద్దరు పిల్లల తల్లి. తండ్రి భుజం మీద తల పెట్టి, ఆనాడు మింగేసిన పాటను మొదటి నుంచి ఎత్తుకుంది.