మూడో బస్తా

రెండు దోసిళ్ళ వేరుశనగ గింజలు ఎంత బరువుంటాయి? అరకిలో ఉంటాయేమో. ఆ అరకిలోను పదేళ్ళకు పైగా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. నా పేరు చెప్పను. చెబితే పెనుకొండ చుట్టుపక్కల సగం మంది గుర్తుపడతారు. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను. తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా గొప్పలు పోతోందేమిటి అని మీరు అనుకోవచ్చు. కానీ నా తప్పు పుట్టిందే ఆ గొప్పలోంచి. దాన్ని దాచిపెడితే మీకు సంగతి సగమే తెలుస్తుంది.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఒక చిక్కీల ఫ్యాక్టరీ ఉంది. అందులో నాది గింజలు ఏరే పని. కనగానపల్లి వైపు నుంచి, కదిరి వైపు నుంచి వచ్చిన వేరుశనగ పప్పును బల్ల మీద పోసుకుని పుచ్చుది, నల్లబడ్డది, బూజు పట్టినది తీసి పారేయాలి. ఇరవై మంది ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. నాలాంటి చెయ్యి వాళ్ళలో ఎవరికీ లేదు. కళ్ళు మూసుకుని వేలితో తాకి చెప్పేదాన్ని. మంచి గింజ వేళ్ళ మధ్య జారిపోతుంది. చెడ్డది కొంచెం ఆగుతుంది, అంతే తేడా. బస్తా మూతి విప్పగానే ఇది వానకు నానిన సరుకని వాసన పట్టేసేదాన్ని. ఆ చిక్కీలు బడిపిల్లలకు పోయేవి. ధర్మవరంలో, బత్తలపల్లిలో పిల్లలు కొరికే ప్రతి ముక్కలో నా చెయ్యి ఉందనుకుంటే నాకు మెడ నిక్కేది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నిక్కుతోంది.

ఒక ఏడాది మా ఓనరు గింజలు ఏరే మిషన్ తెప్పించాడు. పది రోజులు నడిపి చూసి, నచ్చితే ఉంచుకోవాలని మాట. దాని లోపల కెమెరా ఉంటుందట. నల్ల గింజ కనబడితే గాలితో ఊది పక్కకు తోసేస్తుంది. మేం పూటంతా ఏరే సరుకును అది మేం టీ తాగి వచ్చేలోపు ఏరేసింది. క్వాలిటీ చూసే సారు ప్రతి మధ్యాహ్నం మిషన్ బస్తాల్లోంచి ఒక గరిటెడు, మా బస్తాల్లోంచి ఒక గరిటెడు తీసి తెల్ల పళ్ళేల్లో పోసి చూసేవాడు. ఎనిమిది రోజులు చూశాడు. నేను ఏరిన వాటిలో ఒకటో రెండో చెడ్డవి దొరికాయి. మిషన్ ఏరిన వాటిలో ఒక్కటీ దొరకలేదు.

తొమ్మిదో రోజు అందరూ బయట అన్నాలు తింటున్నారు. ఏరి పారేసిన గింజలు ఒక మూలన బస్తాలో ఉంటాయి. వాటిలోంచి రెండు దోసిళ్ళు ఒడిలో పోసుకున్నాను. ఆ ఏడాది కాయ పీకి చేలో ఆరేసిన సమయానికి వానలు పట్టుకున్నాయి. పచ్చగా, నల్లగా బూజు పట్టిన గింజలవి. మిషన్ ఏరిన మూడు బస్తాల మూతులు విప్పి పైపైన కలిపాను. గరిటె పడేది పైనే కదా.

ఇరవై మంది కూలి పోతుందని చేశాను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట ఇది. కాదు, మళ్ళీ రాస్తాను. మిషన్ ఉన్నా మీకు ప్యాకింగులో పని ఇస్తానని ఓనరు మొదటి రోజే చెప్పాడు. ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోయేది కాదు. ఆరిపోయేది నా టెక్కు. ఒక ఇనప డబ్బా నాకంటే బాగా ఏరింది. అది నేను ఓర్చుకోలేకపోయాను.

సారు గరిటె వేశాడు. పళ్ళెంలో నల్ల గింజలు కనబడ్డాయి. రెండో బస్తాలోనూ అంతే. అందరూ పళ్ళెం చుట్టూ మూగారు. ఓనరు వచ్చి చూసి, "ఈయమ్మ చేతి ముందర ఏ మిషన్ నిలబడతాదప్పా, ఎత్తి పంపిచ్చేయండి దాన్ని" అన్నాడు. ఆ రెండు బస్తాలు మళ్ళీ ఏరడానికి నా బల్ల దగ్గరకే వచ్చాయి. మూడోదాని కోసం చూశాను. అది లేదు. మేమంతా పళ్ళెం చుట్టూ ఉన్నప్పుడు వేయించేవాళ్ళు దాన్ని మోసుకుపోయారు.

కాసేపటికి వాసన వచ్చింది. వేగుతున్న గింజల కమ్మదనం కింద సన్నగా ముక్కిన వాసన. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆపండి అంటే సరిపోయేది. నా ముక్కు మీద అంత నమ్మకం వాళ్ళకు, ఎందుకని కూడా అడిగేవాళ్ళు కాదు. బెల్లం పాకం ఇంకా పొయ్యి మీదే ఉంది. ఆ తర్వాత చిక్కీ ఆరాలి, కోయాలి, ప్యాకెట్లలో పెట్టాలి. బండి కదిలింది మరుసటి రోజు పొద్దున. అంతసేపూ నా నోరు పెగల్లేదు. భయమా? భయమూ ఉంది. బస్తాలో పైన మాత్రమే బూజు ఎందుకుందని సారు అడిగితే ఏం చెప్పాలి? కానీ భయం తర్వాత వచ్చింది. ముందుగా ఉన్నది సంతోషం. అందరి ముందు ఓనరు అన్న మాట చెవుల్లో ఇంకా తిరుగుతుంటే, దాని మీద నా చేత్తో నేనే నీళ్ళు చల్లుకోలేకపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఫ్యాక్టరీలో నన్ను పట్టగలిగే ముక్కు నాదొక్కటే.

రెండు వారాల తర్వాత ఆదివారం ధర్మవరం పోయాను. నా చెల్లెలు సుజాత అక్కడ మగ్గం నేస్తుంది. దాని కూతురు హారిక అప్పుడు మూడో తరగతి. నేను గడప దాటానో లేదో సుజాత నవ్వుతూ మొదలుపెట్టింది.

"దీని కథ వింటివా అక్కా? బళ్ళో ఇచ్చిన చిక్కీ ఇంత కొరికి, మిగతాది ఇంటికి తెచ్చినాది. చేదుగా ఉండాదంట."

"నిజంగానే చేదు పెద్దమ్మా," అంది హారిక.

"చూడు, మళ్ళా అదే మాట. మీ పెద్దమ్మ ఏరిన గింజలు చేదెట్లయితాయే అని రెండు తగిలించి, నా ముందర కూచోబెట్టి అంతా తినిపిచ్చినా. నువ్వన్నా చెప్పక్కా దానికి."

హారిక నా వైపు చూసింది. నేను దాని పక్షం మాట్లాడతానని చూసింది.

"చేదెందుకు ఉంటాదే?" అన్నాను. "నేను చూసి పంపిందే కదా."

ఆ పిల్ల తల వంచుకుని లోపలికి పోయింది. సుజాత నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

కొన్నేళ్ళకు మా ఫ్యాక్టరీలో శిక్షణ పెట్టారు. వచ్చిన మేడమ్ చెప్పింది, ఆ బూజులో విషం ఉంటుందట, వేయించినా పోదట. వెంటనే ఏమీ కనబడకపోయినా, మళ్ళీ మళ్ళీ తింటే ఎన్నో ఏళ్ళకు కాలేయాన్ని దెబ్బ తీస్తుందట. ఒక్కసారి తిన్న పిల్లలకు ఏమవుతుందని అడగాలనిపించింది. అడగలేదు. ఎవరికైనా జబ్బు చేసిందని నేను వినలేదు. వినలేదు కాబట్టి ఏమీ కాలేదని అనుకునే ధైర్యం మాత్రం నాకు లేదు.

హారిక ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బాగానే ఉంది. వేరుశనగ మాత్రం ముట్టదు. శెనక్కాయల సీమలో పుట్టి శెనక్కాయ తినదని ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? ఓనరు కొత్త ప్యాకెట్ వేయిస్తున్నాడు. దాని మీద గింజలు ఏరుతున్న నా చేతుల బొమ్మ వేస్తాడట. రేపు హిందూపురం నుంచి ఫోటో తీసే ఆయన వస్తున్నాడు. ఆ మాట చెప్పిన రోజు నేను ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను. ఎందుకు రాకూడదు? మంచి చేతులివి. ఆ తొమ్మిదో రోజు తర్వాత ఏ బస్తాలోనైనా పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి గింజలు తీసి నేను నోట్లో వేసుకోకుండా పొయ్యి దగ్గరకు పోనివ్వలేదు. ఆ గర్వాన్ని వదులుకోవడం నాకు చేతకాదు. వదులుకున్నానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

కానీ రాత్రి పడుకున్నాక ఒకటే తోచింది. ఎక్కడో ఒక పిల్ల చేదుగా ఉందంటుంది. వాళ్ళమ్మ ప్యాకెట్ మీది నా చేతులు చూపించి, చేదెట్లయితాదే, తిను అంటుంది.

రేపు ఫోటో వద్దంటాను. ఎందుకని అడుగుతారు. ఓనరుకు చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. సుజాతకు చెప్పే ధైర్యం అసలు లేదు. వద్దనబోతున్నందుకు కూడా లోపల కొంచెం గర్వంగా ఉంది, నవ్వుకోండి. మీరు క్షమిస్తారని రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. అయినా ఇంతవరకు రాసేసరికి గుండె కొంచెం తేలికైంది. ఒక్క మాట మిగిలింది, దాన్నీ రాసేస్తాను.

హారిక అబద్ధం చెప్పలేదు. ఆ చిక్కీ చేదే.