ఇంక్యుబేటర్‌కు హారతి

2006 మార్చి మొదటివారంలో రేపల్లెలోని ఒక ప్రసూతి ఆసుపత్రి నర్సమ్మ, తల్లి అనుమతి పత్రంతో సహా, అప్పుడే కోసిన బొడ్డుతాడు ముక్కను ఐసు ఫ్లాస్కులో పెట్టి నా చేతికిచ్చింది. తెనాలిలో రైలు మారి బాపట్ల ప్రయోగశాల చేరడానికి మూడు గంటల పది నిమిషాలు పట్టిందని నా డైరీ చెబుతోంది. ఆ ముక్కనుంచి మూలకణాలను పెంచడమే నా పరిశోధన. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. తెనాలిలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఆ డిసెంబరులోగా సిద్ధాంతగ్రంథం సమర్పించకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

మూలకణాలు కొత్త అల్లుడిలాంటివి. వెచ్చదనం తగ్గకూడదు, రోజు విడిచి రోజు ఆహారం మార్చాలి, గాలిలోని బూజు సోకకూడదు. అందుకని ఇంక్యుబేటర్ తలుపు ఎన్ని సెకన్లు తెరిచానో ప్రతిసారీ రిజిస్టరులో రాశాను. ఏడు నెలల్లో నూట అయిదు రోజులు, రోజుకు రెండుసార్లు, సారికి పన్నెండు సెకన్లు. మొత్తం నలభై రెండు నిమిషాలు. ప్రతి శనివారం మా గైడు ప్రొఫెసరుగారు అందులో సంతకం చేసేవారు. చదివేవారు కారు. మూలకణాల గురించి సభల్లో గంటసేపు మాట్లాడగల ఆయన ఆ గదిలోకి అప్పటికి రెండుసార్లే వచ్చారు, రెండుసార్లూ ఫొటోగ్రాఫరుతో.

మూడోసారి ఆయుధపూజకు వచ్చారు. సూక్ష్మదర్శినికి పసుపు, ఇంక్యుబేటర్‌కు కుంకుమబొట్టు, బంతిపూల దండ. అక్కడిదాకా కణాలకు అభ్యంతరం లేదు. కర్పూరం వెలిగించాక తలుపు తెరవమన్నారు. బూజు సోకుతుందేమోనని వినయంగా మనవి చేశాను.

"తలుపు మూసి హారతిస్తే ఎవరికిచ్చినట్టండీ మాస్టారూ?"

అందరూ నవ్వారు. గ్రంథం మీద సంతకం పెట్టవలసింది ఆయనే కనుక తలుపు తెరిచాను. అగరొత్తులు, అక్షతలు, ఫొటోలు, పైన గిరగిరా పంకా. ఆ వేళ నేను ప్రదర్శించిన ధైర్యమంతా చేతిగడియారం చూసుకోవడమే. ఇరవై ఒక్క నిమిషాలు. ఏడు నెలల మొత్తంలో సరిగ్గా సగం.

నాలుగోనాటికి కణాల పళ్ళేలన్నిటా బూజు. పై అరలో ఒక అక్షత, దాని చుట్టూ పచ్చని ఉంగరం. నేను చేతులు సరిగా కడుక్కుంటున్నానో లేదో ప్రొఫెసరుగారు ఆరా తీశారు. ఆ శనివారం రిజిస్టరులో, "ఆయుధపూజ నిమిత్తం తలుపు తెరిచి ఉంచినది ఇరవై ఒక్క నిమిషాలు. కణాలన్నీ నశించినవి" అని రాసి ముందుంచాను. ఫోనులో మాట్లాడుతూనే సంతకం చేశారు. ఆ పుటను గడువు కోరే అర్జీకి జతచేశాను. ఏడాది గడువు వచ్చింది. తన పలుకుబడివల్లే వచ్చిందని ఆయన అందరికీ చెప్పుకున్నారు.

రేపల్లెకు మళ్ళీ వెళ్ళాను. "ముందిచ్చినదాన్ని ఏం చేశారు తమ్ముడూ?" అంది నర్సమ్మ.

"పూజ చేశామండి అక్కయ్యా."

ఆమె ఫ్లాస్కు మూత ఇంకోసారి బిగించింది.

మరుసటి దసరాకు నా ఇంక్యుబేటర్‌ను పక్కగదిలోకి మార్చి తాళం వేశాను. ఎన్నో ఏళ్ళుగా మూలపడి ఉన్న పాతదాన్ని తుడిచి, బొట్టుపెట్టి, దండవేసి, మూడు ఖాళీ పళ్ళేలు లోపలుంచి, తలుపు ముందే తెరిచిపెట్టాను. దానికి ప్లగ్గు కూడా లేదు. ప్రొఫెసరుగారు భక్తితో హారతిచ్చి లోపలికి వంగి చూశారు.

"ఈసారి కణాలు కళకళలాడుతున్నాయండీ మాస్టారూ."

అవునండి అన్నాను.

డిసెంబరులో గ్రంథం సమర్పించాను. చివర రిజిస్టరు నకలు జతచేశాను. ఆ ఏటి ఆయుధపూజ నాటి వరుసలో, తలుపు తెరిచిన సమయం సున్నా అని ఉంది. పక్కనే ఆయన సంతకం.