తక్కెడ ముట్టని వంశం, ఆరు కనెక్టింగ్ రాడ్లు

మా ముత్తాతగారిని ఏనుగు తాత అనేవారు, ఏనుగు మీద తప్ప ఊళ్లో అడుగుపెట్టేవారు కాదు గనక. ఆయన కొడుకు మోటారు తాత. మా తాలూకాలో మొదటి మోటారు కారు ఆయనదే. ఆయన కొడుకు, అంటే మా నాన్నగారు, ఏ బిరుదూ లేకుండానే ఉన్నదంతా హారతి కర్పూరం చేసి, వీపు మాత్రం నిటారుగా పెట్టుకుని వెళ్లిపోయారు. నాకు ఆస్తిగా వచ్చింది ఆ వీపే. దానితోపాటు ఒక నియమం: మా ఇంటి మగవాడు తక్కెడ ముట్టడు. తూచడం వర్తకుడి పని. మేము తులాభారంలో కూర్చుంటాము గాని తక్కెడ పట్టము (ఏనుగు తాత కూర్చున్నప్పుడు బెల్లం చాలక పక్క ఊరికి మనిషిని పంపారట). ఆ రోజుల్లో వీపూ నియమమూ ఉంటే పొట్ట దానంతటదే నిండుతుందని నమ్మేవాణ్ణి. నిండలేదు. సౌదీ వెళ్లాను.

ఖమీస్ ముషైత్‌లో ఒక గ్యారేజీకి విడిభాగాలు ఎంచి కొనే ఇంజనీరు ఉద్యోగం. కువైట్ గొడవ ముదిరి యుద్ధం మొదలైన కాలం. ఎయిర్‌బేస్ నుంచి విమానం లేచినప్పుడల్లా మా గదిలో టీ గ్లాసులు వాటంతటవే నడిచేవి. మా కఫీల్‌కి, అంటే మమ్మల్ని తెచ్చి పాస్‌పోర్టులు బీరువాలో పెట్టుకున్న పెద్దాయనకి, యుద్ధాన్ని మించిన దిగులు ఒకటుండేది. నజ్రాన్ వైపు ఇసుక కొండ ఎక్కే పందెంలో ఆయన కొడుకు జీపు ప్రతిసారీ సగంలో ఆగి వెనక్కి జారేది. బావమరిది కొడుకు జీపు పైకెక్కి హారన్ కొట్టేది. "ముహందిస్, గాడీ ఊపర్, తో తుమ్హారా ఖురూజ్ ఉసీ దిన్," అన్నాడు పెద్దాయన. ముహందిస్ అంటే ఇంజనీరు, నేను. ఖురూజ్ అంటే దేశం దాటనిచ్చే ముద్ర, జీపు పైకెక్కిన రోజే ఇస్తాడట. అది పడనిదే సెలవు లేదు. నాకది అత్యవసరం. మోటారు తాత కారుని పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామని మా బాబాయి నిశ్చయించాడు. నేను వెళ్లి ఆపాలి. బాగుచేసి, ఒక్కసారైనా ఆ కారులో బజారు మధ్యనుంచి పోవాలి. (ఎందుకని అడిగేవాళ్లకి తాతలు లేరన్నమాట.)

ఇంజిన్‌కి బలం పెంచాలంటే లోపలి ఎముకలు మార్చాలి. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది, క్రాంక్‌షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతుంది. ఈ ఇద్దరి కాపురం చెడకుండా చూసేది కనెక్టింగ్ రాడ్. క్రాంక్ దగ్గరే నాకూ మెకానిక్‌కీ చెడింది. అతనిది నిజామాబాద్ వైపు పల్లె. గదిలో ఎవరి తగువైనా తనే తీర్చేవాడు గనక సర్పంచ్ అనేవాళ్లం. అతని మనసు పెట్టెలో తళతళలాడే కొత్త క్రాంక్ మీద. నా మనసు తష్లీలో, అంటే పాత బళ్ల శ్మశానంలో, దొరికిన నల్లటి దాని మీద.

"గీ తుప్పుదాన్ని తెచ్చినవేంది దొరా?"

"నీది పోత పోసింది. ఇది సమ్మెట దెబ్బలు తిని పుట్టింది, విరగదు. చూడాల్సింది వంశమయ్యా, మెరుపు కాదు."

"వంశం సంగతి ఆ కొండకెర్కనో లేదో అడుగు."

క్రాంక్ విషయంలో నేనే గెలిచాను. ఇక రాడ్లు, ఆరు సిలిండర్లకి ఆరు. ఓడలు సరిగా రాక, ఆరూ ఒకే పెట్టెలో దొరకలేదు. దుకాణాలన్నీ తిరిగి పోగుచేశాను. మంచి ఉక్కే, మంచి కొలతలే. కాని ఆరూ ఒకే బరువుండాలి. లేకపోతే వేగం పెరిగేకొద్దీ ఇంజిన్ తనను తానే కొట్టుకుంటుంది. ఇది నాకు బాగా తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"తూకమెయ్యాలె గద దొరా," అన్నాడు సర్పంచ్. "బఖాలాల ఉల్లిగడ్డల కాంటా ఉన్నది, తెస్త." (ఆ పచారీ కొట్టు కాంటాలో కిలో కిలోలాగా తూగడం ఎవరూ చూడలేదు.)

"మా ఇంట్లో తక్కెడ ముట్టరు."

"నువ్వు ముట్టకు. నేను పట్టుకుంట, నువ్వు సూడు."

"చూసి చెప్పడమూ తూచడమే."

"మరి మీ తాత ఏనుగునెట్ల కొన్నడు? సంకల ఎత్తుకొని సూసిండా?"

ఒక్కొక్క రాడ్డునీ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆరూ సరిసమానమని తీర్పు చెప్పాను. మా వాళ్లు బంగారం బరువు కూడా ఇలాగే చెప్పేవారట. (ఆ బంగారం ఏమైందో అప్పుడే ఆలోచించవలసింది.)

శుక్రవారం జీపు పులిలా దూకింది. సగం కొండ దాటింది. పెద్దాయన నా వీపు తట్టాడు. అప్పుడు మొదలైంది జీపుకి వణుకు. చక్రం పట్టిన చిన్న షేక్, అంటే పెద్దాయన కొడుకు, తల మీది నల్ల తాడు ముక్కు మీదికి జారింది, పక్క అద్దం ఊడింది, ధడేలుమని ఒక రాడ్డు ఇంజిన్ గోడ చీల్చుకుని వచ్చి ఇసుకలో పడింది. ఆ వారాల్లో ఏ చప్పుడైనా క్షిపణే. కొండ కింద జనమంతా బోర్లా పడ్డారు. టీ అమ్మే మలయాళీ గ్యాస్ మాస్కు తగిలించుకుని, తను కాక టీ పాత్రే ముఖ్యమన్నట్టు దాని మీద వాలిపోయాడు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. అదేమిటో నాకు తెలుసు. పైగా మా వీపు వంగదు.

పెద్దాయన గడ్డంలోని ఇసుక దులుపుకుంటూ లేచాడు. "ముహందిస్! యే క్యా హై?"

"కనెక్టింగ్ రాడ్, బాబా."

"యే ఇంజిన్ కే అందర్ రహతా హై, యా బాహర్?" లోపలుండేదా, బయటుండేదా అని నిలదీశాడు.

"అందర్ రహనా చాహియే," అన్నాను హుందాగా.

సర్పంచ్ ఆ వేడి రాడ్డుని గుడ్డలో పట్టుకుని పసిపాపలా మోసుకొచ్చాడు. "దొరా, నీకన్న ముందుగాల దీనికే ఖురూజ్ దొరికె."

యుద్ధం ముగిసి ఓడలు తిరిగాక, కొత్త గోడా పోయిన రాడ్డుకి బదులు ఇంకోటీ తెప్పించి ఇంజిన్ మళ్లీ కట్టాం. ఈసారి సర్పంచ్‌ని బయటికి పంపి, తలుపు గడియ వేసి, తక్కెడ నేనే పట్టాను. బరువైన రాడ్లని ఆకురాయితో అరగదీస్తూ ముల్లు నిలిచేదాకా తూచాను. ఆకాశం విరిగి పడలేదు. జీపు కొండెక్కి హారన్ కొట్టింది (క్రాంక్ అదే నల్లది, ఈ మాట సర్పంచ్‌కి చాలాసార్లు గుర్తుచేశాను). ముద్ర పడింది.

నేను ఇల్లు చేరేసరికి పాత ఇనుము వాడు వాకిట్లో కాంటా వేలాడదీస్తున్నాడు. "ఆపండి! ఇంజను నేను కడతాను!" అని గర్జించాను.

"ఏ ఇంజనురా అబ్బాయ్?" అన్నాడు బాబాయి.

బానెట్ ఎత్తాను. లోపల ఒక కోడిపెట్ట గుడ్ల మీద కూర్చుని నన్ను కోపంగా చూసింది.

"మీ నాన్న ఎప్పుడో పిండిమరకి అమ్మేశాడు గదరా. నీకు తెలీదా?"

తెలీదు. చిన్నప్పుడు నన్ను ఆ కారులో కూర్చోబెట్టి, తను చక్రం పట్టుకుని, "ఇవాళ వద్దులే, పెట్రోలు దండగ," అనేవారు నాన్నగారు, నిటారుగా.

ఇనుము వాడు కాంటా ముల్లుని బొటనవేలితో ఆపడం అప్పుడే నా కంటపడింది. "జరుగు," అని నేనే పట్టాను. బాబాయి చెంపలు వేసుకున్నాడు. ఎడారిలో కళ్లు మూసుకుని ఉక్కు తూచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. వీపు ఇంకా నిటారే. డాక్టరు మాత్రం దాన్ని అరుగుదల అంటాడు.

మోటారు తాత కారుని ముక్కలు చేసి కిలోల లెక్కన అమ్మేశాం. కోడిని దింపాకే తూచాం.