ఆగే బండి, తప్పుకునే బండి

మేముండే హమ్రియా పేటలో, మా ఇంటి సందులో కూరగాయల వ్యాను వస్తుంటే మా ఐదేళ్ల వాడు చేతులు చాచి దానికి అడ్డంగా నిలబడ్డాడు. పరుగున వెళ్లి పక్కకు లాగేశాను.

"దానంతటదే ఆగుతుందిగా అమ్మా!" అన్నాడు, నా మీదే కోపంగా.

తప్పు వాడిది కాదు. ముందురోజు మావారు తన కంపెనీ గోడౌన్‌లో సరుకు మోసే డ్రైవరు లేని బండ్లు చూపించారు. నేల మీది గీత వెంట నడిచేది మనిషి అడ్డొస్తే ఆగిపోతుంది. దారి తానే వెతుక్కునేది పక్కనుంచి తప్పుకుపోతుంది. గొప్పగా పిల్లలిద్దర్నీ రెండింటి ముందూ నిలబెట్టారు. "నీకు అన్నిటికీ భయమేనోయ్" అని నన్ను ఆటపట్టించారు కూడా.

వ్యాను సంగతి జరిగిన మర్నాడు పొద్దున్న పిల్లలతో చెప్పాను: "నాన్న బండ్లు రెండు రకాలు. రోడ్డు మీదివి మూడో రకం. అక్కడ ఆగాల్సిందీ, తప్పుకోవాల్సిందీ మనమే. నాన్నకి కూడా నేర్పండి."