కొత్త నంబరు ఎత్తని కృపమ్మ

కృపమ్మ ఎవర్నీ నమ్మదని ముక్తేశ్వరంలో అందరికీ తెలుసు. ఎందుకు నమ్మాలి? కొబ్బరి దింపు చేసుకునే మొగుణ్ణి రష్యాలో గోదాము పనంటూ తీసుకెళ్లిన ఏజెంటు, ఆవిడ అరుగు మీదే కూర్చుని, అక్కా అక్కా అంటూ టీ తాగి మరీ వెళ్లాడు. తీరా చూస్తే కొండయ్యని అక్కడ సైన్యానికి అప్పజెప్పేశారు. నోరు మూసుకుంటే మనిషి తిరిగొస్తాడు, పేపరుకెక్కితే రాడని ఇక్కడ ఫోన్లలో బెదిరింపులు. అప్పట్నుంచీ కొత్త నంబరు మోగితే చాలు, ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతేసేది.

అలాంటి ఇంటికి శ్రీకళ వచ్చింది. అమలాపురం అమ్మాయే, యుద్ధం జరిగేచోటికి వెళ్లి చూసి రాసే విలేకరి. కృపమ్మ గుమ్మంలోంచి కదల్లేదు, కూర్చోమనీ అనలేదు.

"కొండయ్యగారిని అక్కడ చూసేనండి," అంటూ శ్రీకళ కార్డు ఇచ్చింది.

"ఆయ్. ఆ ఏజెంటూ ఇలాంటి కార్డే ఇచ్చేడండి."

శ్రీకళ తన కెమెరాలో ఉన్న ఫొటో చూపించింది. మంచులో గొయ్యి, గడ్డం మాసిన మనిషి. ఈ రోజుల్లో ఫొటోలు పుట్టించడం ఎంతసేపు? మొహం తిప్పుకోబోయిన కృపమ్మ, అతని భుజాన వేలాడేది చూసి ఆగిపోయింది. కాళ్లకి తగిలించుకుని చెట్టెక్కే బందం. సైనికుల బెల్టుతో చేసుకున్నాడు. దానికో నీలిగళ్ల లుంగీ పీలిక. నలుగురి బందాల్లో తనది తెలియాలని ఎప్పుడూ కట్టుకునేవాడు. ఆ లుంగీ చింపి ఇచ్చింది తనే. కృపమ్మ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"లోపలికి రండి. ఆయన ఎలా ఉన్నారండి?"

శ్రీకళ లోపలికొచ్చి కూర్చుంది.

"కింద సిగ్నల్ అందదండి. ఇంటికి ఫోన్ చేసుకుంటానని నా ఫోన్ పట్టుకుని చెట్టెక్కేరు. దిగిపొమ్మని అందరం అరిచేం. మా ఆవిడ ఎత్తేక దిగుతానన్నారు. ఈలోగా డ్రోన్ వచ్చి ఆ చెట్టు మీదే పడిందండి."

"ఎన్నిసార్లు చేసేరు?"

"చేస్తూనే ఉన్నారండి."

కృపమ్మ వంటింట్లో బియ్యం డబ్బా వైపు చూసింది. కిందటి నెలలో ఓ మధ్యాహ్నం అందులో ఫోను ఆగకుండా మోగుతుంటే, ఆ దొంగవెధవలేనని మూత మీద పీట కూడా బోర్లించింది.

"మీరు వద్దంటే ఇది రాయనండి," అంది శ్రీకళ.

"రాయండమ్మా. నేను ఎత్తలేదని కూడా రాయండి."