రెండో రైట్

భద్రాచలం బస్సు కండక్టర్ తుల్సీరాం వైరల్ జ్వరం నుంచి లేచి ఐదు నెలలైంది. జ్వరం పోయినా ఆయాసం పోలేదు. నాలుగు వరసలకు టికెట్లు కొడితే చాలు, ఛాతీ ఎడమపక్క పట్టేస్తుంది. సీటు కడ్డీకి ఆనుకుని, టికెట్ మిషన్‌ను గుండెకు హత్తుకుని కాసేపు నిలబడతాడు. గుండెకేం భయం లేదని, నిదానంగా తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు. ఒకప్పుడు "రైట్ రైట్" అని ఒక్క గుక్కలో అరిచేవాడు. ఇప్పుడు మొదటి రైట్ అన్నాక ఊపిరి తీసుకుంటే తప్ప రెండోది రాదు. రెండోది వినపడందే డ్రైవర్ బాబూరావు బండి కదపడు. ఓ పొద్దున అడవిలోని స్టేజీ దగ్గర, ఆ కాస్త వ్యవధిలోనే పూలి అనే ముసలామె సీతాఫలాల గంపతో ఉరికొచ్చి బస్సెక్కింది. "ఎన్నడూ అందని బస్సు ఇయ్యాల అందింది కొడుకా" అంటూ రొప్పుతూనే నవ్వింది.

ఈ వారం తుల్సీరాంకు ఆయాసం బాగా నెమ్మదించింది. రెండో రైట్ మాత్రం ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తోంది. "మంచిగనే ఉన్నవ్ గదా, ఇంకెందుకు ఆగుడు?" అన్నాడు బాబూరావు.

తుల్సీరాం ఫుట్‌బోర్డు మీంచి వెనక దారికేసి చూస్తూ అన్నాడు: "నాకు తగ్గిందన్నా. ఉరికొచ్చేటోళ్లకు ఉంటది గదా, ఆయాసం."